స్పానిష్ భాషకు సంథ

కోనసీమలో వేదం చదువుకొనే ఇంట తెల్లవారుజాము ఒక తీరుగా ఉంటుంది. దీపం వెలుగులో గురువు, ఎదుట శిష్యుడు. ఇద్దరి నడుమ పుస్తకమన్నది లేదు. గురువు ఒక భాగం పలుకుతాడు. శిష్యుడు దానిని అదే స్వరంతో, అదే మాత్రతో రెండుసార్లు పలుకుతాడు. ఉదాత్తం అనుదాత్తమైనా, హ్రస్వం దీర్ఘమైనా గురువు అక్కడనే ఆపి మళ్లీ చెప్పిస్తాడు. దీనికే సంథ అని పేరు. సంథ అయిన పాఠాన్ని శిష్యుడు ఆ పూట వల్లె వేస్తాడు, మరునాడు అప్పజెప్పుతాడు, కొన్నాళ్లు గడచిన తరువాత వెనుకకు పోయి మళ్లీ తిరగవేస్తాడు. పాడ్యమి, అష్టమి వంటి తిథులు అనధ్యయన దినాలు. ఆనాడు కొత్త పాఠం చెప్పరు.

పాఠం పట్టుబడిన తరువాత దానిని ఎన్ని విధాల త్రిప్పి చూస్తారో గమనింపదగినది. క్రమపాఠంలో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతకట్టి సాగిస్తారు. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందుకు వెనుకకు అల్లుతారు. ఘనలో ఆ అల్లిక మూడు పదాలకు విస్తరిస్తుంది. ఒక్క అక్షరం జారినా అల్లిక చెడి, తప్పు తనంతట తానే బయటపడుతుంది. ఏ లిపీ తోడు లేకుండ ఇంతటి వాఙ్మయం వేల ఏండ్లు చెక్కుచెదరక నిలిచినదంటే, ఆ ఘనత ఈ పద్ధతిదే. యునెస్కో సంస్థ 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. గోదావరి డెల్టా అగ్రహారాలలోని తైత్తిరీయ శాఖాధ్యాయుల జీవితాలను గూర్చి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ ఒక పెద్ద గ్రంథమే వ్రాశాడు. అది 2015లో వెలువడింది.

ఈ అగ్రహారపు చదువుకూ ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున పుట్టిన స్పానిష్ భాషకూ సంబంధమేమిటని పాఠకులు అడుగవచ్చు. సంబంధమున్నది. గురువు లేకుండ, కళాశాల లేకుండ, ఇంట కూర్చుండి స్పానిష్ నేర్చుకోవాలనుకొనే వానికి ఈనాడు లోకంలో రెండు సాధనాలు ముఖ్యంగా దొరుకుతున్నవి. ఒకటి చెవికి చెప్పే పాఠం, అనగా శబ్దరూపమైన పాఠమాల. రెండవది ఫ్లాష్ కార్డు. ఒకవైపు ప్రశ్న, మరొకవైపు జవాబు వ్రాసిన చిన్న చీటీ. మొదటిది సంథ. రెండవది వల్లెవేతకు వేళ నిర్ణయించే పంచాంగం. ఈ పేర్లు పెట్టుకొని చూస్తే అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లలకు అవి అన్యదేశపు వింతలుగా తోచవు.

స్పానిషే ఎందుకు? ఆ భాష మాతృభాషగా గలవారు సుమారు యాభై కోట్లమంది. అది ఇరవై దేశాలలో రాజ్యభాష. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనే నాలుగు కోట్లకు మించిన జనం ఇంట ఆ భాష మాట్లాడుకొంటారు. చదువుకై గోదావరి జిల్లాలనుంచి టెక్సాసుకో కాలిఫోర్నియాకో పోయిన పిల్లవాడికి ఇంగ్లీషు తరువాత వీధిలో వినిపించేది అదే. ఇది లౌకిక ప్రయోజనం. సాహిత్య విద్యార్థికి మరొకటున్నది. లోర్కా, 1971లో నోబెల్ బహుమానం పొందిన నెరూడా, 1982లో పొందిన గార్సియా మార్కెజ్ తెలుగువారికి పరిచితులే. కాని వారిలో ఎక్కువ భాగం మనకు ఇంగ్లీషు గుమ్మం దాటి వచ్చినవారు. అనువాదానికి అనువాదం చేసినప్పుడు రసం ఎంత కారిపోతుందో తెలుగు ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉన్నది. కాని అంతదూరం పోలేనివాడికి దారి ఏది అన్నదే ఇక్కడి ప్రశ్న.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టడంతో మాటను పట్టి ఉంచడం సాధ్యమైంది. 1901లో లండనులో లింగ్వాఫోన్ సంస్థ ఆ యంత్రాన్ని భాషాబోధనకు వినియోగించింది. 1929లో ఫ్రాన్సులో అసిమిల్ అనే పాఠమాల బయలుదేరింది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చి అమెరికా సైన్యానికి అనేక భాషలు తెలిసినవారు త్వరగా కావలసివచ్చినప్పుడు, వ్యాకరణ పుస్తకం ప్రక్కకు జరిగి వినడం, పలకడం ముందుకు వచ్చినవి. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగురవేయగానే అమెరికా ఉలిక్కిపడి మరుసటి ఏడే విద్యాచట్టమొకటి చేసింది. దానితో అక్కడి పాఠశాలలలో భాషా ప్రయోగశాలలు వెలసినవి. చెవులకు తొడుగులు తగిలించుకొని వందలమంది పిల్లలు టేపులు వింటూ చిలుకపలుకులు పలికారు. ఆ సందడి కొన్నేండ్లకు చల్లారింది. కారణం లేకపోలేదు, అర్థం పట్టని అనుకరణ పెదవులను దాటి లోపలికి పోదు.

ఆ లోపాన్ని సరిగా గుర్తించినవాడు పాల్ పిమ్స్‌లర్ అనే ఆచార్యుడు. ఆయన పాఠంలో శ్రోత ఊరక అనుకరించడు. "మీకు నీళ్లు కావాలని అడుగండి" అని కంఠం ఆజ్ఞాపిస్తుంది. కొన్ని క్షణాలు మౌనం. ఆ మౌనంలో శ్రోత తన జ్ఞాపకంలో వెదకి, మాటను పైకి తీసి పలకాలి. ఆ తరువాతనే సరియైన జవాబు వినిపిస్తుంది. మేలంతా ఆ మౌనంలో ఉన్నది. జవాబు ముందే విన్నవాడు విన్నానని సంతోషిస్తాడు. వెదకి తీసినవాడు నేర్చుకొంటాడు. పాఠం అప్పజెప్పించుకొనే మన గురువులకు ఇది తెలియని రహస్యం కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అడ్డుపడుతుండగా విడిచిన పాదాన్ని మళ్లీ అందుకొనే అవధానికి అంతకన్న తెలియని రహస్యం కాదు.

1967లో పిమ్స్‌లర్ ఒక వ్యాసంలో జ్ఞాపకానికి ఒక కాలపట్టిక వేశాడు. కొత్త మాటను విన్న 5 సెకండ్లకు ఒకసారి గుర్తు చేయాలి. పిమ్మట 25 సెకండ్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, ఒక రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, 4 నెలలకు, 2 ఏండ్లకు. ఎడం ప్రతిసారీ సుమారు ఐదురెట్లు పెరుగుతుంది. మరచిపోబోతున్న అంచున మాటను పట్టుకొని వెనుకకు లాగడమే ఇందులోని కీలకం. ముందే గుర్తు చేస్తే శ్రమ దండుగ. ఆలస్యమైతే మొదటికి వస్తుంది.

మరపుకు లెక్క ఉన్నదని ప్రయోగంతో చూపినవాడు అంతకు చాలా ముందు ఒకడున్నాడు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షర కూటములను సుమారు రెండువేల మూడువందలు కల్పించి, వానిని తానే వల్లెవేసి, తానే మరచి, ఎంత మరచినాడో కొలిచి 1885లో ప్రకటించాడు. ఆయన లెక్క ప్రకారం గంట గడిచేసరికి సగానికి పైగా పోతుంది. ఒక రోజుకు మూడింట రెండువంతులు. నెలకు నాలుగింట మూడువంతులకు మించి. మొదట ప్రవాహంగా పోయి, తరువాత నెమ్మదిస్తుందన్నమాట. పరీక్ష ముందటి రాత్రి తెల్లవార్లూ చదివిన విద్యార్థి, పరీక్ష మరునాటికి ఖాళీ చేతులతో ఎందుకు మిగులుతాడో ఈ లెక్క చెబుతుంది.

ఈ మరపు వాలుకు కట్ట కట్టేదే చీటీల పెట్టె. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు 1972లో నేర్చుకోవడమెట్లా అనే విషయంపై ఒక పుస్తకం వ్రాసి దీనిని ప్రచారం చేశాడు. పెట్టెలో ఐదు అరలు. కొత్త చీటీలన్నీ మొదటి అరలో ఉంటవి. జవాబు సరిగా చెప్పగలిగితే చీటీ రెండవ అరకు పోతుంది. మళ్లీ చెప్పగలిగితే మూడవదానికి. ఎక్కడ తప్పినా మర్యాద చూపకుండ మొదటి అరకు దిగిరావలసిందే. మొదటి అరను ప్రతిదినం చూడాలి. చివరి అరలను ఎప్పుడో గాని చూడనక్కరలేదు. వచ్చినదానిపై కాలం వృథా కాదు. రానిదానికి తప్పించుకొనే త్రోవ లేదు. అట్టపెట్టెతో, పాత నోటుపుస్తకాల అట్టలతో ఏ పల్లెటూరి బడిలోనైనా ఈ యంత్రాన్ని తయారు చేయవచ్చు. కరెంటు పోయినా పని ఆగదు. తరువాత పోలండుకు చెందిన వోజ్నియాక్ 1987లో, డేమియన్ ఎల్మ్స్ 2006లో ఈ పనిని కంప్యూటరుకు అప్పగించారు. ఎల్మ్స్ తన సాధనానికి పెట్టిన పేరు ఆంకి. జపాను భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడమని అర్థం. అది ఈనాడు చేతిఫోనులో ఇముడుతుంది. ఏ చీటీ ఏనాడు చూడాలో అదే చెబుతుంది.

సాధనాలు సిద్ధంగా ఉన్నవి. అయితే మన పిల్లలను స్పానిష్ దగ్గరకు తీసుకొనిపోయే త్రోవలో ఒక వక్రత ఉన్నది. దొరికే పాఠాలలో చాలా భాగం ఇంగ్లీషు మాట్లాడేవారికై చేసినవి. బడిలో పదేండ్లు ఇంగ్లీషును కంటితో చదివి, చెవితో వినక, నోరు మెదపక పరీక్షలు గట్టెక్కిన పిల్లవాడు ఆ పాఠాలకు పోతే, ఇంగ్లీషుతో వచ్చిన చిక్కులన్నీ స్పానిష్‌కు కూడ తగిలించుకొంటాడు. టమాటాను స్పానిష్ వాడు 'తొమాతే' అంటాడు. అందులోనిది మన తకారమే. నాలుక పండ్లను తాకుతుంది. ఇంగ్లీషు అక్షరాల మీదుగా వచ్చినవాడు దానిని 'టొమాటే' చేస్తాడు. ఇంటికి 'కాసా', రొట్టెకు 'పాన్'. ఈ కకార పకారాలలో ఇంగ్లీషువాడి నోటనుండే ఊపిరి తాకిడి లేదు. అవి అచ్చంగా తెలుగు కకార పకారాలు. అమెరికా పిల్లలు నెలల తరబడి శ్రమపడి వదిలించుకొనే అలవాట్లు తెలుగు పిల్లలకు పుట్టుకతో లేవు. వానిని ఇంగ్లీషు ద్వారా తెచ్చిపెట్టడం ఎందుకు?

అందుచేత స్పానిష్ చీటీ మీద ఉచ్చారణను తెలుగు లిపిలోనే వ్రాసుకోవాలి. అ, ఎ, ఇ, ఒ, ఉ అనే ఐదు అచ్చులే ఆ భాషకు ఉన్నవి. ప్రతి అచ్చూ వ్రాసినట్లే పలుకుతుంది. మన వర్ణమాలలో ఉపాధ్యాయులు పేరుకు చెప్పి దాటవేసే ఞ అక్షరం స్పానిష్‌లో సజీవంగా ఉన్నది. సంవత్సరానికి 'ఆఞో' అంటారు. శకటరేఫ సంగతి మరీ సొగసు. 'పెరో' అంటే కాని. 'పెఱ్ఱో' అంటే కుక్క. ఎఱ్ఱ, బుఱ్ఱ, గుఱ్ఱము అని పూర్వులు వ్రాసిన ఱకారాన్ని మనం అచ్చుపుస్తకాలనుంచి తరిమివేసి సాధురేఫతో సరిపెట్టుకొన్నాం. దానికి స్పానిష్ నేలమీద ఇంకా కాపురం ఉన్నది. పాత పుస్తకాలలో ఆ అక్షరం చూచి ఇదెందుకని అడిగే విద్యార్థికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగు చెవి మోసపోయే చోట్లూ ఉన్నవి. మనకు హ్రస్వదీర్ఘాలు అర్థాన్ని మార్చుతవి. వారికి ఊనిక మార్చుతుంది. మొదటి అక్షరంపై ఊని 'ఆబ్లో' అంటే 'మాట్లాడుతాను'. చివర ఊని 'అబ్లో' అంటే 'మాట్లాడాడు'. కాగితం మీద చిన్న గీత; నోట మాత్రం మనిషీ, కాలమూ రెండూ మారిపోతవి. దీనిని పుస్తకం చూపలేదు, వినవలసిందే.

వ్యాకరణానికి వస్తే, క్రియ చివర ప్రత్యయం చూడగానే కర్త ఎవరో తెలియడం రెండు భాషలకూ సమానం. 'మాట్లాడుతాను' అన్నప్పుడు 'నేను' అక్కరలేదు. 'ఆబ్లో' అన్నప్పుడూ అక్కరలేదు. 'మె గుస్తా ఎల్ కోకో' అనే వాక్యాన్ని చూచి ఇంగ్లీషు పిల్లవాడు తల పట్టుకొంటాడు. ఇష్టపడేవాడు కర్తగా లేడేమని అతని బాధ. తెలుగువాడికి అది 'నాకు కొబ్బరికాయ ఇష్టం', అంతే. 'మె దుఎలె లా కాబెసా' అంటే 'నాకు తల నొస్తున్నది'. అందులోని 'మె' మన చతుర్థి.

స్పానిష్ నేర్చే విదేశీయులందరినీ వేధించే చిక్కు ఒకటున్నది. 'ఉండుట' అనే అర్థంలో ఆ భాషకు 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలు. 'మి పాద్రె ఎస్ మాఎస్త్రో' అంటే 'మా నాన్న ఉపాధ్యాయుడు'. 'మి పాద్రె ఎస్తా ఎన్ కాసా' అంటే 'మా నాన్న ఇంట్లో ఉన్నాడు'. ఇంగ్లీషులో రెండుచోట్లా ఒకే క్రియ కనుక ఎప్పుడు ఏది వాడాలో వారికి పుటల కొలది సూత్రాలు కావాలి. తెలుగు వాక్యాలు చూడండి. మొదటిదానిలో క్రియయే లేదు, రెండవదానిలో 'ఉన్నాడు'. వ్యతిరేకంలో మొదటిది 'కాడు', రెండవది 'లేడు'. కాదు అనదగినచోట సేర్, లేదు అనదగినచోట ఎస్తార్ అని పట్టుకొంటే నూటికి నూరుపాళ్లు కాకపోయినా చాలావరకు త్రోవ తప్పదు. ఇంత దగ్గరి దారి మన ఇంట ఉండగా ఇంగ్లీషు ఊరు చుట్టివచ్చేవారే ఎక్కువ!

పై వాక్యంలోని 'పాద్రె', 'మాఎస్త్రో' చెవికి పరిచయమైనట్లు తోచడానికి కారణమున్నది. స్పానిష్‌కు తోబుట్టువైన పోర్చుగీసు మాట్లాడే వర్తకులు, మతప్రచారకులు మన తీరాలకు వచ్చినప్పుడు పాదిరి, మేస్త్రి, బొత్తాం, అల్మారా అనే మాటలు వారినుంచి మన నోళ్లకు వచ్చినవి. ఆ కుటుంబంలోనే మరొక భాష, ఫ్రెంచి, 1954 వరకు కోనసీమ గుమ్మంలోనే పాలనభాషగా ఉన్నది. యెదుర్లంక రేవునుంచి చూస్తే అవతలి గట్టు యానాం.

సులభమైనవే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. స్పానిష్‌లో ప్రతి నామానికీ పుంలింగమో స్త్రీలింగమో ఉన్నది. మేజాబల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. తెలుగు మాత్రమే తెలిసినవాడికి ఇది అన్యాయంగా తోస్తుంది. భార్య అనే అర్థంలో 'దార' శబ్దం పుంలింగమనీ, 'కళత్రం' నపుంసకమనీ విని ఆశ్చర్యపడిన సంస్కృత విద్యార్థికి తోచదు. అమరకోశానికి గ్రంథకర్త పెట్టిన పేరు నామలింగానుశాసనం. నామంతోబాటు లింగాన్ని కూడ నేర్పడం దాని ప్రతిజ్ఞ. చీటీకీ అదే నియమం. 'మేసా' అని ఒంటిగా వ్రాయరాదు. 'లా మేసా' అని ఉపపదంతో సహా వ్రాయాలి. విడిగా నేర్చిన లింగం విడిగానే మరపుకు వస్తుంది.

పుస్తకం లేకుండ చెవితో పరభాష నేర్చుకోవడం సాధ్యమా అని ఇంకా అనుమానించేవారు కోనసీమలోనే నిదర్శనం చూడవచ్చు. ఈ పల్లెలనుంచి ఎందరో స్త్రీలు కువైటు, ఖతరు, ఒమాను దేశాలకు ఇండ్లలో పనికై పోయి వస్తున్నారు. విమానమెక్కేనాటికి వారికి అరబ్బీలో ఒక్క మాట రాదు. వారికి పాఠమాల లేదు, చీటీలు లేవు. వంటయింటిలో యజమానురాలి ఆజ్ఞలే సంథ. పొరబాటు చేస్తే వచ్చే మందలింపే పరీక్ష. ఒకే మాట పూటపూటకూ, రోజురోజుకూ తిరిగి వస్తుంటుంది. పిమ్స్‌లర్ పట్టిక అక్కడ తనంతట తానే నడుస్తుంది. కొన్ని నెలలలో వారు అరబ్బీలో బేరమాడుతారు, పిల్లలను లాలిస్తారు. మన విద్యావ్యవస్థ వారికి ఏ పట్టమూ ఇవ్వలేదు. ఆ సంగతి వేరు.

కాని వారి చదువుకు ఉన్న లోటును కప్పిపుచ్చరాదు. అరబ్బీ మాట తెలుసును, అక్షరం తెలియదు. చేతిలో పెట్టిన ఒప్పందంలో జీతమెంత వ్రాశారో, ఎన్నాళ్లకు వ్రాశారో చదవలేనివారు వేలిముద్రో సంతకమో పెట్టవలసి వస్తున్నది. చెవి మాత్రమే నేర్చిన చదువు వంటయింటిలో కాపాడుతుంది; కచేరీలో కాపాడదు. మన బడిపిల్లవాడిది సరిగా దీనికి ఎదురు లోటు. వాడు దరఖాస్తు వ్రాయగలడు. ఎదుటివాడు నాలుగు మాటలు అడిగితే బెదరిపోతాడు. శబ్దపాఠమూ చీటీల పెట్టే కలసి నడవాలనడానికి ఇంతకన్న కారణం వెదకనక్కరలేదు.

గల్ఫునుంచి తిరిగివచ్చిన ఆ తల్లులు ఎరుగని విశేషం మరొకటి. 711 మొదలు 1492 వరకు స్పెయినులో ఏదో ఒక భాగం ముస్లిం ప్రభువుల పాలనలో ఉన్నందున అరబ్బీ మాటలు స్పానిష్‌లో వేలకొలదిగా చేరినవి. అరబ్బీ 'రుజ్' స్పానిష్‌లో 'అఱ్ఱోస్' అయింది, అన్నపు బియ్యమన్నమాట. 'సుక్కర్' 'అసూకర్' అయింది. 'జైత్' అనే నూనె 'అసెయితె' అయింది. రాజోలు ప్రాంతంలో ఏ ఇంటనైనా కూతురు స్పానిష్ చీటీలు వేసుకొంటుంటే, ఆ చీటీలలో కొన్నింటికి తల్లి జవాబు చెప్పగలుగుతుంది.

స్వయంకృషితో భాష నేర్చిన తెలుగువారిని తలచుకొంటే ముందు మెదిలే పేరు గిడుగు రామమూర్తి పంతులుగారిది. పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవరభాష నేర్చుకోదలచారు. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట పెట్టుకొని, మాట మాట విని వ్రాసుకొన్నారు. వ్రాసుకొన్నది సరియో కాదో తెలుసుకోవడానికి కొండలకు పోయి సవరలతో మాట్లాడారు. చెవీ, చీటీ, సంభాషణా మూడూ ఆయన పద్ధతిలో ఉన్నవి. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినవి. ఆ కొండలలో తగిలిన మలేరియాకు మ్రింగిన క్వినైను ఆయన వినికిడిని హరించింది. మాటలకై చెవి ఒగ్గినవాడు ఆ చెవినే చెల్లించుకొన్నాడు. ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం జరిపే బడులలో వ్యావహారిక భాషోద్యమాన్ని గూర్చి ఉపన్యాసాలు సాగుతవి. ఈ సంగతిని పిల్లలకు చెప్పేవారు తక్కువ.

మనకు దగ్గరి కాలంలో, ప్రధానమంత్రి పదవి నిర్వహించిన పి.వి. నరసింహారావుగారు స్పానిష్ కూడ నేర్చినవారు. విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోకి, ఒక మరాఠీ నవలను తెలుగులోకి దించిన ఆయనకు భాషలు నేర్వడం పదవులతో నిమిత్తం లేని వ్యసనం.

ఇక ఎంతకాలం పడుతుంది? "ముప్పది దినాలలో" అని అట్టమీద అచ్చువేసే పుస్తకాలను నమ్మరాదు. తమ రాయబార ఉద్యోగులకు స్పానిష్ రావడానికి తరగతిలోనే 600 నుంచి 750 గంటలు పడుతుందని అమెరికా ప్రభుత్వ శిక్షణసంస్థ లెక్క వేసింది. తెలుగుకైతే 1100 గంటలట. మన భాష వారికి అంత దూరం. దినానికి అరగంట చొప్పున 750 గంటలంటే నాలుగేండ్లకు పైమాట. ఎనిమిదవ తరగతిలో మొదలుపెట్టినవాడు ఇంటరు పూర్తిచేసేనాటికి, మధ్యలో మానకపోతే, స్పానిష్ పత్రిక చదివి, స్పానిష్ మనిషితో తడబడుతూనైనా మాట్లాడగలుగుతాడు. ఒక్కనాడు ఐదు గంటలు చదివి పదినాళ్లు మానివేసేవాడికి ఈ లెక్క వర్తించదు.

ఆ అరగంటలో మొదటి ఇరవై నిమిషాలు పాఠం వినాలి. పుస్తకం తెరువరాదు, అడిగినచోట గొంతెత్తి జవాబు చెప్పాలి. మనసులో అనుకొన్నది జవాబు కాదు, నోరు తిరగాలి. తక్కిన పది నిమిషాలు చీటీలకు. దినానికి పది కొత్త చీటీలు చాలు. ఇరవై అయితే పదునైదవనాటికి పెట్టె నిండి, తిరగవేయవలసిన బాకీ గుండెమీద బండ అవుతుంది. ఫోనులో ఆంకి పెట్టుకొన్నవారిలో చాలామంది చతికిలబడేది ఇక్కడనే. ఒంటి మాటకన్న చిన్న వాక్యం మేలు. ముందువైపు తెలుగు వాక్యం, వెనుకవైపు స్పానిష్ వాక్యం. వెనుకకు త్రిప్పకముందే పైకి చెప్పాలి. ఇతరులు చేసిన చీటీలు వేలకువేలు దొరుకుతవి. తన చేతితో వ్రాసుకొన్నదానికి అవి సాటిరావు. వ్రాసేటప్పుడే సగం పని జరుగుతుంది.

సంథ చెప్పే గురువు తప్పు దిద్దుతాడు, పరికరం దిద్దదు. శబ్దపాఠానికి ఉన్న పెద్ద కొరత ఇదే. దీనికి ఒక ఉపాయం, తాను పలికినదానిని ఫోనులో పట్టి, అసలు కంఠంతో ప్రక్క ప్రక్కన పెట్టి వినడం. మొదటిసారి విన్నప్పుడు ఎవరికైనా సిగ్గువేస్తుంది; 'పెఱ్ఱో' అన్నానని అనుకొన్నవాడు 'పెరో' అని ఉంటాడు. ఇద్దరు స్నేహితులు కలసి నేర్చుకొంటే ఆ సిగ్గు నవ్వులోకి దిగుతుంది. ఒకరు పలుకగా మరొకరు పట్టుకోవడం మన వేదపాఠశాలలలోనూ ఉన్నదే. తరగతి ఉపాధ్యాయుడికి స్పానిష్ రానక్కరలేదు. చీటీల పెట్టె ఎట్లా నడపాలో ఆయనకు తెలిస్తే, దానినే సంస్కృత శబ్దాలకూ, ఇంగ్లీషు క్రియలకూ, తెలుగు పద్యాల ప్రతిపదార్థాలకూ వాడుకోవచ్చు.

మొదటి చీటీమీద ఏమి వ్రాయాలనే సందేహానికి కోనసీమలో జవాబు పెరటిలోనే ఉన్నది. కొబ్బరికాయ పీచు ఒలిస్తే మూడు కన్నులు కనిపిస్తవి. ఐబీరియా నావికులు ఆ మూడు కన్నులలో పిల్లలను జడిపించే బూచి ముఖాన్ని చూచి, ఆ బూచి పేరే కాయకు పెట్టారు. తెలుగువైపు 'కొబ్బరికాయ' అని వ్రాసి, త్రిప్పి 'ఎల్ కోకో' అని వ్రాయాలి. పుంలింగం, 'ఎల్' మరువరాదు.